రక్తం ఆగాక మొదలయ్యే పని

మీ అబ్బాయి సైకిల్ మీంచి పడ్డాడు. గడ్డం కింద చీలింది, పై పెదవి వాచింది, చొక్కా ముందంతా రక్తం. మీరు పరుగెత్తుకెళ్లారు. పక్కింటావిడ తడిగుడ్డ తెచ్చింది, ఇంకెవరో గుప్పెడు కాఫీ పొడి తెచ్చారు. పది నిమిషాలకు రక్తం ఆగింది, పిల్లాడి ఏడుపూ ఆగింది. "పెద్దగా ఏం కాలేదులే, గండం గడిచింది" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

గండం నిజంగా గడిచిందా? ఎవరైనా వాడి నోరు తెరిపించి చూశారా? పళ్లు లెక్కపెట్టారా?

ముఖానికి రక్తనాళాలు దండిగా ఉంటాయి. అందుకే చిన్న చీలికకే ధారగా కారుతుంది, అంతే తొందరగా ఆగిపోతుంది. కారుతున్నప్పుడు అవసరానికి మించి బెదిరిపోతాం, ఆగగానే అవసరానికి మించి తేలికపడతాం. రక్తం కారిన చోటు సాధారణంగా బాగానే మానుతుంది. ఏళ్ల తరబడి బాధపెట్టేవి వేరే ఉన్నాయి: రోడ్డు మీదే ఉండిపోయిన పన్ను, చెవి ముందు విరిగిన దవడ ఎముక, చర్మంలో దిగబడిన తారు నలక, ముక్కు లోపల గడ్డకట్టిన రక్తం. వీటి కోసం వెతకాలి. వెతకడానికి డాక్టరే కానక్కర్లేదు. తల్లి చాలు, పక్కనున్న స్నేహితుడు చాలు, ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందుగా ఒక్క ప్రశ్న. సైకిల్ మీంచి పడితే ముఖమే ఎందుకు పగులుతుంది? పక్కకు పడినప్పుడు మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోతాయి. ముందు బ్రేక్ గట్టిగా పట్టేసినప్పుడో, చక్రం గుంతలో దిగినప్పుడో, హ్యాండిల్‌కి తగిలించిన సంచి ఊచల్లో చిక్కుకున్నప్పుడో మాత్రం చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు. భయంతో వేళ్లు హ్యాండిల్‌నే బిగించి పట్టుకుంటాయి. నేలకు ఆనించడానికి చేతులు ఖాళీగా ఉండవు. గడ్డం, పెదవి, ముక్కు నేరుగా వెళ్లి నేలకు కొట్టుకుంటాయి. చిన్నపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, కాబట్టి వాళ్లకు ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది.

మొదటి పది నిమిషాలు

1. ముందు మనిషిని చూడండి, ముఖం తర్వాత. పేరు అడగండి, ఎక్కడున్నాడో అడగండి. తడబడుతున్నా, ఒకటే మాట మళ్లీమళ్లీ అంటున్నా, కాసేపు స్పృహ తప్పినా, వాంతులవుతున్నా, మత్తుగా తూలుతున్నా అది తలకు తగిలిన దెబ్బ. మెడ నొప్పి అంటున్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయంటున్నా కదపవద్దు. 108కి ఫోన్ చేయండి. ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి పల్చటి ద్రవం కారుతుంటే దూది కుక్కవద్దు, ముక్కు చీదనివ్వవద్దు. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు.

2. స్పృహలో ఉండి, మెడ నొప్పి లేదంటే కూర్చోబెట్టి ముందుకు వంచండి. "పడుకోబెట్టండి, పడుకోబెట్టండి" అని చుట్టూ చేరినవాళ్లు అంటారు, వినకండి. వెల్లకిలా పడుకుంటే నోట్లో రక్తం గొంతులోకి జారుతుంది. రక్తం మింగితే వాంతి, ఊపిరి గొట్టంలోకి పోతే ప్రమాదం. కింది దవడ రెండు చోట్ల విరిగినవాళ్లకు నాలుకే వెనక్కి పడి ఊపిరి అడ్డుకుంటుంది. స్పృహ లేనివాళ్లను తల, మెడ, నడుం ఒకే వరసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు పట్టుకుని పక్కకు తిప్పి ఉంచాలి.

3. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద నొక్కి పట్టండి. గడియారం చూసి పది నిమిషాలు. నిమిషానికోసారి "ఆగిందా" అని తీసి చూస్తే, గట్టిపడుతున్న రక్తం మళ్లీ ఊడివస్తుంది. ముక్కు నుంచి కారుతుంటే తల పైకెత్తవద్దు. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో నొక్కి, నోటితో గాలి పీల్చమనండి. ఎముక పక్కకు ఒరిగిపోయి కనిపిస్తుంటే మాత్రం నొక్కకండి, ముందుకు వంచి ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

4. గాయంలో ఏమీ వేయవద్దు. కాఫీ పొడి, పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, బొగ్గు ఏదీ వద్దు. రక్తం వాటివల్ల ఆగదు, మీరు వేలితో నొక్కిపట్టినందువల్ల ఆగుతుంది. పొడి మాత్రం గాయం లోపలే ఉండిపోతుంది. కుట్లు వేయడానికి ముందు దాన్ని గీకి తీయాలి, ఆ బాధ పడేది మీ పిల్లాడే. మనసారా సాయం చేయాలనే పక్కింటావిడ కాఫీ పొడి తెస్తుంది. "అక్కా, ఫ్రిజ్‌లో పాలుంటే ఓ గ్లాసు పట్టుకురావా" అని అడగండి. ఆ పాలు ఎందుకో ఇప్పుడే చెబుతాను.

5. నోట్లోనూ ఏమీ పోయవద్దు. "నీరసంగా ఉంటాడు, గ్లూకోజ్ నీళ్లు పట్టండి, కాస్త కాఫీ ఇవ్వండి" అంటారు. మత్తిచ్చి కుట్లు వేయాల్సివస్తే కడుపు ఖాళీగా ఉండటం అవసరం. అన్నం, కాఫీ పెట్టి తీసుకెళ్తే ఆ పని కొన్ని గంటలు వెనక్కి పోతుంది. ఆస్పిరిన్ అసలు వద్దు, రక్తం ఆగనివ్వదు.

పాలు ఎందుకంటే

6. పళ్లు లెక్కపెట్టండి. ఖాళీ కనిపిస్తే ఒకరిని వెంటనే పడిన చోటికి పంపండి. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. ఊడిన పన్నును మళ్లీ దాని చోట పెట్టి బతికించవచ్చు. చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలియక ఏం చేస్తారు? కాగితంలో చుట్టి జేబులో వేసుకుని మర్నాడు చూపిస్తారు, లేదా "ఊడింది ఊడింది, కట్టుడు పన్ను పెట్టిద్దాం" అని అక్కడే వదిలేస్తారు.

పన్ను వేరు చుట్టూ కంటికి కనిపించని సన్నటి పొర ఉంటుంది. పన్నును ఎముకతో కలిపి ఉంచేది ఆ పొరే. గాలికి ఎండితే దానిలోని కణాలు చనిపోతాయి. అరగంట లోపైతే బాగా ఆశ ఉంది. పొడిగా గంట దాటితే ఆ కణాలు దాదాపు పోయినట్టే. కాబట్టి ఆసుపత్రిలో కాదు, రోడ్డు మీదే పన్ను భవిష్యత్తు తేలిపోతుంది.

ఏం చేయాలో వరసగా:

పన్నును తెల్లగా మెరిసే వైపు, అంటే మామూలుగా నోట్లో కనిపించే వైపు పట్టుకోండి. పసుపుపచ్చగా, సన్నగా, పొడుగ్గా ఉన్న వేరు వైపు వేలు పెట్టకండి. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో కొద్దిగా కడగండి. అవేవీ లేకపోతే కుళాయి కింద క్షణకాలం చాలు. రుద్దడం, బ్రష్ చేయడం, సబ్బు, డెట్టాల్, స్పిరిట్ ఏవీ వద్దు. మనిషి స్పృహలో ఉండి, సహకరిస్తే పక్క పన్ను వరసకు సరిచూసుకుని ఆ ఖాళీలోనే మెల్లగా నెట్టండి. మడిచిన చేతిరుమాలు కొరికి పట్టుకోమనండి. ఇక నేరుగా డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి.

చేతులు వణుకుతున్నాయా? పిల్లాడు ముట్టుకోనివ్వడం లేదా? పరవాలేదు. గ్లాసు చల్లని పాలలో పన్ను వేసి తీసుకెళ్లండి. ప్యాకెట్ పాలు చాలు, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. వేడి పాలు వద్దు, పంచదార కలిపినవి వద్దు. పాలు దొరకకపోతే వాడినే చిన్న డబ్బాలో ఉమ్మమని ఆ ఉమ్మిలో వేయండి. మంచినీళ్లు చివరి మార్గం, నీళ్లలో ఆ కణాలు ఉబ్బి పగులుతాయి. అయినా పొడిగా ఉంచడం కన్నా అదే నయం.

డెంటిస్ట్ పన్నును పక్క పళ్లకు సన్నటి తీగతో కట్టి దాదాపు రెండు వారాలు ఉంచుతారు. వేరు పూర్తిగా తయారైన పన్నుకు ఆ రెండు వారాల్లోనే రూట్ కెనాల్ మొదలుపెడతారు. తర్వాత కొన్నేళ్లపాటు మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి చూస్తుంటారు. "పన్ను గట్టిపడిందిగా" అని మానేయకండి.

పాల పళ్లకు ఇదంతా వర్తించదు. ఊడిన పాల పన్నును తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న శాశ్వత పన్ను దెబ్బతింటుంది. ఏది పాల పన్నో ఎలా తెలుస్తుంది? ముందు పళ్లు దాదాపు ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య మారతాయి. రెండో తరగతి, మూడో తరగతి పిల్లల దగ్గరే ఈ అనుమానం వస్తుంది. అనుమానమైతే పెట్టకండి, పాలలో వేసి తీసుకెళ్లండి, డెంటిస్ట్ చూసి చెబుతారు.

పన్ను మొత్తం కాకుండా ముక్క విరిగిందా? ఆ ముక్కనూ వెతకండి. చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు, రంగు తేడా కూడా తెలియదు. ఎంత వెతికినా ముక్క దొరకలేదా? అయితే పెదవి బాగా వాచి, లోపల చీలి ఉందేమో చూడండి. విరిగిన ముక్క పెదవిలోనే దిగబడి, పైన కుట్లు పడి, నెలల తర్వాత గట్టి కణితిలా చేతికి తగలడం జరుగుతుంటుంది. "పెదవికి ఓ ఎక్స్‌రే తీస్తారా, పన్ను ముక్క కనిపించలేదు" అని మీరే అడగండి.

గడ్డం కింద చీలికను చిన్నచూపు చూడకండి

7. గడ్డం పగిలితే చెవుల ముందు చూడండి. మూడు కుట్లు పడ్డాయి, ఇంజెక్షన్ చేశారు, ఇంటికి పంపేశారు. సగం పనే అయింది. ఎందుకంటే కింది దవడ గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. మధ్యలో గుద్దితే ఆ అదురు రెండు కొసలకూ పోతుంది. ఆ కొసలు చెవులకు కాస్త ముందు కీలులో కూర్చుని ఉంటాయి, అక్కడ ఎముక మెడ సన్నగా ఉంటుంది. గడ్డం దగ్గర చీలిన చర్మం కనిపిస్తుంది, చెవి దగ్గర విరిగిన ఎముక కనిపించదు.

మీరు చేయగల పరీక్ష ఇది. అద్దం ముందు కూర్చోబెట్టి మెల్లగా నోరు తెరవమనండి. గడ్డం తిన్నగా కిందికి దిగుతోందా, ఒక పక్కకు ఒరుగుతోందా? ఒక పక్క విరిగితే దవడ ఆ పక్కకే లాగుతుంది. పళ్లు కలిపి కొరకమనండి. "ముందులాగే కలుస్తున్నాయా, తేడాగా ఉందా?" అని అడగండి. పిల్లలు చాలా కచ్చితంగా చెబుతారు: "అమ్మా, వెనక పళ్లే తగులుతున్నాయి, ముందు తగలట్లేదు" అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. చెవి ముందు వేలు పెట్టి నొక్కితే నొప్పి ఉందా? చెవిలోంచి రక్తం వచ్చిందా? వీటిలో ఒక్కటి ఉన్నా ఓపీజీ అనే దవడ ఎక్స్‌రే తీయించాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పిల్లల్లో ఎముక ఇలా విరిగిందని కనిపెట్టకుండా వదిలేస్తే కీలులో గడ్డకట్టిన రక్తం కాలక్రమాన ఎముకగా మారి దవడను పుర్రెకు అతికించేస్తుంది. నోరు రోజురోజుకూ తక్కువ తెరుచుకుంటుంది. అన్నం ముద్ద పట్టదు, తర్వాత వేలు పట్టదు. గడ్డం ఎదగడం మానేసి చిన్నదిగా ఉండిపోతుంది. అప్పుడు పెద్ద ఆపరేషన్ తప్ప దారి లేదు. మన దేశంలో ఇలా నోరు మూసుకుపోయి వచ్చే పిల్లల్లో చాలామందికి ఎప్పుడో గడ్డం మీద పడిన దెబ్బే కారణం. తల్లిదండ్రులను అడిగితే "ఎప్పుడో చిన్నప్పుడు పడ్డాడండీ, కుట్లు వేయించాం, మానిపోయింది" అంటారు.

ముందే కనిపెడితే చాలామంది పిల్లలకు ఆపరేషనే అక్కర్లేదు. కొన్నాళ్లు మెత్తటి తిండి, ఆ తర్వాత నోరు తెరిచే వ్యాయామం. ఇంట్లో కొలత కూడా తేలికే: పిల్లాడి సొంత వేళ్లు మూడు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు నిలువుగా కలిపి ముందు పళ్ల మధ్య పెట్టుకోమనండి. మూడూ పడితే బాగున్నట్టు. దెబ్బ తగిలాక కొన్ని నెలలపాటు వారానికోసారి ఇలా చూడండి. మూడు పట్టేవి రెండుకు తగ్గితే ఆ వారమే చూపించండి. నాన్నమ్మకు చెబితే చాలు, ఆవిడ మరిచిపోదు.

మిగతావి త్వరగా

8. బుగ్గ మీద, పై పెదవి మీద మొద్దుబారినట్టుందా? ఒక్కటి రెండుగా కనిపిస్తోందా? బుగ్గ ఎముకో, కంటి గూటి ఎముకో చిట్లి ఉండవచ్చు. ఇలాంటప్పుడు ముక్కు చీదకూడదు, గాలి కంటి చుట్టూ చేరి రెప్ప ఉబ్బుతుంది. పిల్లల విషయంలో ఒక హెచ్చరిక: పైన కమిలిన మచ్చ లేకుండానే, కన్ను తెల్లగా ఉండగానే, పైకి చూడమంటే ఒక కన్ను కదలక, వికారం, వాంతులు ఉంటే ఆలస్యం చేయవద్దు. కంటి కండరం విరిగిన ఎముక సందులో ఇరుక్కుందేమో, దానికి ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ జరగాలి.

9. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, లోపల మధ్య గోడ ఎర్రగా, నీలంగా ఉబ్బి, మెత్తగా ఉంటే అది లోపల చేరిన రక్తం. అదే రోజు తీయించాలి. వదిలేస్తే ముక్కు మధ్య మృదులాస్థి కుళ్లి, ముక్కు నడుమ గుంతపడిపోతుంది. అది లేదని తేలితే తొందర లేదు. వాపు తగ్గాక, మూడు నుంచి ఐదు రోజుల్లో మళ్లీ చూపించుకోండి. వంకర తేలితే పిల్లలకు వారం, పది రోజుల్లోపు, పెద్దలకు రెండు వారాల్లోపు సరిచేయడం సులువు. ఆ తర్వాత ఎముక అలాగే గట్టిపడుతుంది.

10. బుగ్గ మీద లోతైన గాయమైతే నవ్వమనండి, కళ్లు గట్టిగా మూయమనండి, కనుబొమలు ఎత్తమనండి. ఒక పక్క కదలకపోతే ముఖాన్ని కదిలించే నరం తెగి ఉండవచ్చు. కుట్లు వేసే ముందే ఇది డాక్టర్‌కు చెప్పాలి.

కుట్ల గదిలో మీరు అడగాల్సినవి

"ముందు కుట్లు వేసేయండి సార్, ఇంటికెళ్లిపోతాం." ఈ తొందర చాలా సహజం. కానీ ముఖం మీది శుభ్రమైన గాయానికి కొంత వ్యవధి ఉంది. కాలికి, చేతికి అయిన గాయంలా కాకుండా ముఖానికి రక్తప్రసరణ బాగుంటుంది గనుక కొన్ని గంటలు ఆలస్యమైనా, 24 గంటల లోపు కూడా కుట్లు వేయగలరు. సందులోని క్లినిక్‌లో పది నిమిషాల్లో వేయించుకునే కుట్ల కంటే మూడు గంటలు ప్రయాణం చేసి నిపుణుడి చేత వేయించుకున్న కుట్లు జీవితమంతా మేలు చేస్తాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ ముఖం, దవడ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంటుంది. పెద్ద ఆపరేషన్ అవసరమంటే ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటర్‌లో కార్డు చూపించి ముందే అడగండి.

11. గాయంలో నలుసులు ఉన్నాయేమో చూడమనండి. తారు రోడ్డు మీద ఈడ్చుకుపోయిన బుగ్గలో సన్నటి కంకర పొడి, తారు దుమ్ము దిగబడతాయి. ఒకటి రెండు రోజుల్లో మత్తిచ్చి బ్రష్‌తో రుద్ది కడగకపోతే పైన చర్మం మూసుకుపోయి నీలం, నలుపు చుక్కలుగా మిగిలిపోతాయి. పచ్చబొట్టు ఎంత పోతుందో అవీ అంతే పోతాయి. కడిగేటప్పుడు పిల్లాడు ఏడుస్తాడని "చాలు సార్, వదిలేయండి" అనకండి. "సరిగా మత్తిచ్చి పూర్తిగా కడగండి" అనండి.

12. పెదవి చీలితే, పెదవి ఎరుపూ చర్మమూ కలిసే గీత మీద మొదటి కుట్టు కచ్చితంగా కలవాలి. అక్కడ మిల్లీమీటరు తేడా వచ్చినా ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపిస్తుంది. కనురెప్ప అంచు కూడా ఇంతే. ఈ రెండు చోట్ల నిపుణుడి కోసం ఆగడంలో తప్పు లేదు.

13. ధనుర్వాతం టీకా సంగతి చెప్పండి. పుట్టినప్పటి నుంచి టీకాల కార్డు ప్రకారం అన్నీ వేయించారా, పదో ఏటా పదహారో ఏటా టీడీ వేశారా? ఈ వివరం తెలిస్తే డాక్టర్ పని తేలికవుతుంది. "ఎందుకైనా మంచిదని" ప్రతి గీతకూ టీటీ పొడిపించుకునేవాళ్లున్నారు, అసలు వేయించుకోనివాళ్లూ ఉన్నారు. కార్డు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

ఒక మాట చెప్పాలి. బండో, ఆటోనో గుద్దితే ఆసుపత్రిలో "మెట్ల మీంచి పడ్డాడు" అని చెప్పేవాళ్లు చాలామంది. పోలీసులు, కోర్టులు, ఎందుకొచ్చిన గొడవ అని. దయచేసి అలా చెప్పకండి. ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయడం ఆసుపత్రి మామూలు పని. తర్వాత పన్ను ఇంప్లాంట్‌కో, మచ్చ ఆపరేషన్‌కో డబ్బు కావలసివచ్చినప్పుడు, ఆ మొదటి రోజు కాగితంలో ఏముందో అదే నిలబడుతుంది. దారినపోతూ ఆసుపత్రికి తెచ్చిన మనిషిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ చెబుతోంది. కాబట్టి ఆయనా భయపడనక్కర్లేదు.

ఇంటికొచ్చాక

14. పథ్యం పేరుతో పస్తు పెట్టకండి. "పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు పెట్టకూడదు, మాంసం వద్దు" అని పెద్దవాళ్లు కారప్పొడి అన్నం, చారన్నంతో సరిపెడతారు. ప్రేమతోనే చెబుతారు, కానీ గాయం మానడానికి ఒంటికి కావలసిందే మాంసకృత్తులు. చీము పట్టేది మురికి వల్ల, క్రిముల వల్ల. పప్పు వల్ల కాదు. దవడ దెబ్బ తిన్నవాళ్లకు పప్పన్నం మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, అవసరమైతే మిక్సీ పట్టి పెట్టండి. రాగి జావ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన గుడ్డు, చేపల పులుసులో ముల్లు తీసిన చేప, అరటిపండు గుజ్జు. కారం మాత్రం నోట్లో కుట్లు మానేదాకా తగ్గించండి. పళ్లను తీగతో కట్టి నోరు మూసి పంపితే, ఆ తీగ కత్తిరించే కత్తెర మంచం పక్కనే ఉంచుకోండి. ఎక్కడ కత్తిరించాలో ఆసుపత్రిలోనే చూపించమనండి, వాంతి వస్తే అవసరం పడుతుంది.

15. కుట్లు వేసిన చోట డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్ పల్చగా రాస్తూ తడి ఆరకుండా చూడండి. "గాలి తగలనివ్వాలి, పక్కు కట్టాలి" అన్నది పాత నమ్మకం. పక్కు కట్టిన గాయం ఆలస్యంగా మానుతుంది. ముఖం మీద కుట్లు సాధారణంగా ఐదో రోజు ప్రాంతంలో తీసేస్తారు. పరీక్షలున్నాయనో పెళ్లుందనో వాయిదా వేస్తే కుట్ల గీతలే మచ్చలవుతాయి.

16. మచ్చకు ఎండ శత్రువు. మన చర్మం ఛాయకు కొత్త మచ్చ ఎండ తగిలితే నల్లబడుతుంది, ఆ నలుపు పోవడానికి చాలా కాలం పడుతుంది. గాయం పూర్తిగా మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్, టోపీ. డాక్టర్ చెబితే సిలికాన్ జెల్, కొన్ని వారాలయ్యాక వేలితో మెల్లగా మర్దన. మచ్చ మొదటి నెలల్లో ఎర్రగా, ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, అప్పుడు నిరుత్సాహపడకండి. అది చల్లబడి తన అసలు రూపానికి రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అంతకుముందే "మచ్చ తీయించేద్దాం" అని పరుగెత్తవద్దు. ఇంట్లో ఎవరికైనా మచ్చలు గట్టిగా, పెద్దగా పెరిగే తత్వం ఉంటే మాత్రం మొదట్లోనే డాక్టర్‌కు చెప్పాలి.

17. మాటల దెబ్బ తగలనివ్వకండి. చూడటానికి వచ్చిన బంధువులు గది మధ్యలో నిలబడి "అయ్యో, ఆడపిల్ల ముఖమమ్మా, రేపు పెళ్లెలా?" అంటారు. ఆ పిల్ల పక్క గదిలో అద్దం ముందు ఉంటుంది, అంతా వింటుంది. తల్లిగా, తండ్రిగా మీరు అప్పటికప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది: "అత్తయ్యా, దానికి బాగానే నయమవుతోంది. దాని ముందు ఈ మాట వద్దు." కఠినంగా ఉంటుందని సంకోచించకండి. పిల్ల ఆ మాట ఎప్పటికీ గుర్తుంచుకుంటుంది, అమ్మ తన పక్షాన నిలబడిందని.

అద్దాలు తీసి దాచవద్దు. పిల్లలు అడిగినప్పుడు మీరు పక్కన కూర్చుని చూపించండి. "ఇది వాపు, వారంలో దిగుతుంది. ఇది కుట్టు, గురువారం తీస్తారు. ఈ పన్ను తాత్కాలికం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "ఏం కాలేదు" అని అబద్ధం చెబితే తర్వాత మీరు చెప్పే నిజాన్నీ నమ్మరు. బడికి పంపే ముందు క్లాస్ టీచర్‌తో ఓ మాట మాట్లాడండి. "ఏమైందిరా?" అని అడిగితే ఇవ్వడానికి పిల్లాడికి ఒక్క వాక్యం నేర్పండి: "సైకిల్ మీంచి పడ్డాను, పన్ను పెడుతున్నారు." అంత చాలు. నెల దాటినా రాత్రుళ్లు ఉలిక్కిపడుతున్నా, నోరు చేత్తో కప్పుకుని మాట్లాడుతున్నా, స్నేహితులకు ముఖం చాటేస్తున్నా మానసిక నిపుణుడికి చూపించండి. పెద్దవాళ్లకూ ఇదే మాట. ఉద్యోగానికి పోతూ పడిన పాతికేళ్ల యువకుడు ఫోటోల్లో లేకుండా తప్పించుకుంటున్నాడంటే వాడి బాధ చిన్నది కాదు.

మళ్లీ ఎక్కే ముందు

"ఇక సైకిల్ ముట్టుకుంటే కాళ్లు విరగ్గొడతా" అన్నది కోపం కాదు, భయం. నాకు అర్థమవుతుంది. కానీ సైకిల్ మానిపించడం కాదు, సరిచేసి ఇవ్వడం మీ పని.

18. సైజు చూడండి. "పెరుగుతాడు కదా, రెండేళ్లు వస్తుంది" అని పెద్ద సైకిల్ కొంటాం. చొక్కా అలా కొనవచ్చు, సైకిల్ వద్దు. సీటు మీద కూర్చుంటే నేర్చుకునే పిల్లాడి పాదాలు నేలకు ఆనాలి. ఆనకపోతే ఆపుకోలేడు. హ్యాండిల్ కొసల రబ్బరు తొడుగులు ఊడిపోయి ఇనుప గొట్టం నోరు బయటికి ఉంటే ఈ రోజే కొత్తవి వేయించండి. పడినప్పుడు ఆ గొట్టం బుగ్గలోకో పొట్టలోకో దిగుతుంది.

19. హ్యాండిల్‌కు ఏదీ తగిలించవద్దు. టిఫిన్ డబ్బా, ట్యూషన్ బ్యాగు, పాల క్యాన్ అన్నీ వెనక క్యారియర్ మీదికి. చున్నీ వెనక్కి ముడి వేసుకోవాలి. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హ్యాండిల్ అసలు వద్దు. వాన నీళ్లు నిలిచిన చోట గుంత ఉందనే అనుకోవాలి.

20. హెల్మెట్ కొనండి, దాని హద్దు కూడా తెలుసుకోండి. పాత అధ్యయనాలను కలిపి చూసిన 1999 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం సైకిల్ హెల్మెట్ ముఖం పై భాగానికి, మధ్య భాగానికి తగిలే దెబ్బలను 65 శాతం తగ్గిస్తుంది. తలకు తగిలే దెబ్బల సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ ఇంకా మేలు. కానీ గడ్డాన్ని, కింది దవడను ఈ సగం చిప్ప హెల్మెట్ కాపాడలేదు. అందుకే హెల్మెట్ ఉన్నా బ్రేక్ నేర్పాలి. హెల్మెట్‌ను టోపీలా వెనక్కి నెట్టి పెట్టుకుంటే నుదురు బయట ఉన్నట్టే. కనుబొమలకు రెండు వేళ్లు పైన దాని అంచు ఉండాలి, పట్టీలు చెవి కింద వి ఆకారంలో కలవాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే పట్టాలి. కొనేటప్పుడు లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ అని రాసి ఉందో లేదో చూడండి.

21. ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానానికి తీసుకెళ్లండి. మీ సైకిల్‌కు ముందు బ్రేక్ ఏ చేతిదో ముందు తేల్చుకోండి, లివర్ నొక్కి ఏ చక్రం పట్టేస్తోందో చూస్తే తెలుస్తుంది. పిల్లాడి చేత ఆ చెయ్యి ఎత్తించి అది ఏ బ్రేకో చెప్పించండి. సుద్దతో గీత గీసి, మెల్లగా వచ్చి మొదట వెనక బ్రేకు, వెంటనే ముందు బ్రేకు నెమ్మదిగా పిండుతూ, ఒంటిని సీటు మీద వెనక్కి జరుపుతూ గీత దగ్గర ఆగమనండి. బాగా వస్తే కొంచెం వేగంతో. తర్వాత మీరు ఉన్నట్టుండి "ఆపు" అని అరవండి, ఒకేసారి పట్టేయకుండా పిండుతున్నాడో లేదో వేళ్ల వైపు చూడండి. అలా రెండు మూడు ఆదివారాలు చేయించాక, ట్రాఫిక్ లేని వీధిలో మీరు వెనకే నడుస్తూ తొక్కించండి.